మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఏముందంటే

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు పెద్దవాళ్ళు. చెట్ల సంగతేమో గానీ, ఊళ్ళ విషయంలో మాత్రం అది నూటికి నూరుపాళ్ళూ నిజం. మా ఇంటికి చుట్టాలొస్తే కార్యక్రమం వాళ్ళే వేసుకుని వస్తారు. మొదటిరోజు చార్మినారు, లాడ్‌బజారులో గాజులు. రెండోరోజు గోలకొండ, అక్కడ గుమ్మం కింద చప్పట్లు. మూడోరోజు రామోజీ ఫిలింసిటీ. రాత్రికి కాళ్ళు పీకుతున్నాయంటూ మా ఇంటికొచ్చి, చారన్నం తిని పడుకుంటారు. అంటే మా పేట స్నానానికీ భోజనానికీ పడకకీ పనికొస్తుంది గానీ చూడ్డానికి పనికిరాదన్నమాట!

ఫిలింసిటీకి వెళ్ళే బస్సు మా ముందునుంచే పోతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటే వెళ్ళాలి. కిటికీలోంచి చూస్తే కనబడేవేమిటి? చీరల దుకాణాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు, వాటి మధ్యన సాయిబాబా గుడి, మిర్చిబజ్జీల బండ్లు. చూసేవాళ్ళని మాత్రం ఏమనగలం!

మా చిన్నాడపడుచు అమెరికా కాదు, ఫ్రాన్సు వెళ్ళొచ్చింది. వాళ్ళబ్బాయికి మార్సే అనే రేవు పట్నంలో ఉద్యోగం. మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది ఆ ఊరు. రెండువేల ఆరువందల ఏళ్ళనాడు గ్రీకులు వచ్చి కట్టిన ఊరట. సావర్కరు 1910లో ఓడ కిటికీలోంచి సముద్రంలోకి దూకి తప్పించుకోబోయిందీ, మళ్ళీ పట్టుబడిందీ అక్కడే. చిన్నప్పుడు పాఠంలో చదివినప్పుడు ఆ ఊరి పేరు పలకలేక తన్నుకున్నాం, జ్ఞాపకముందా?

ఫోనులో ఫొటోలు చూపించింది. కొండమీద పెద్ద చర్చి, దాని శిఖరం మీద చంటిబిడ్డ నెత్తుకున్న మేరీమాత బంగారు విగ్రహం. ఓడల్లో వెళ్ళేవాళ్ళకి కనబడే చివరి గుర్తూ, వచ్చేవాళ్ళకి కనబడే మొదటి గుర్తూ అదేనట. రేవు నోట్లో పాత కోట. దాని పక్కనే 2013లో తెరిచిన కొత్త మ్యూజియం, గోడలన్నీ జల్లెడలా చిల్లులు. సముద్రం మధ్య చిన్న దీవి, అందులో ఒక చెరసాల. డ్యూమా తన మాంటీక్రిస్టో నవలలో కథానాయకుణ్ణి బంధించింది అక్కడేనని జనం లాంచీలెక్కి వెళ్ళి చూస్తారట. పుట్టని మనిషి ఉన్న గదిని చూడ్డానికి టిక్కెట్టు!

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఆ ఊరి నడిబొడ్డున షాపింగు కాంప్లెక్సు కట్టడానికి 1967లో పునాదులు తవ్వుతుంటే, పాతకాలపు రేవు గోడలు బయటపడ్డాయి. 1974లో రోమనుల కాలంనాటి చెక్క ఓడ ఒకటి దొరికింది. వాళ్ళేం చేశారు? దుకాణాలూ కట్టుకున్నారు, తవ్విన చోటు తోటలా ఉంచుకున్నారు, ఆ షాపింగు కాంప్లెక్సునే ఆనుకుని 1983లో మ్యూజియం పెట్టి ఓడని అందులో ఉంచారు. జాకెట్టు గుడ్డ కొనడానికి వెళ్ళి, పక్క గుమ్మంలోంచి రోమనుల ఓడ చూసి రావచ్చు.

"అదీ ఊరంటే!" అని ఫోను మూసింది మా ఆడపడుచు. "మీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏముంది వదినా, షాపులు తప్ప?"

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆ మాటకి మా ఇంట్లో ధర ఉంది. కొండాపూర్‌లో ఉంటున్న మా అబ్బాయి ఈ పాత ఇల్లు అమ్మేసి తన దగ్గర ఫ్లాటు తీసుకోమని రెండేళ్ళుగా పోరుతున్నాడు. వాడి వాదనలో మొదటి వాక్యం కూడా అదే. "అక్కడేముందమ్మా?" మేనత్త నోటివెంట అదే మాట వచ్చేసరికి, సెలవలకి వచ్చి సోఫాలో కూర్చున్న మనవరాలు కూడా తలెత్తి నావైపు చూసింది. జవాబు చెప్పాలి కదా మరి!

"రేపు ఆదివారం. పొద్దున్నే టిఫిను తినేసి నాతో రండి" అన్నాను. మావారు మోకాళ్ళు చూపించి మినహాయింపు తీసుకున్నారు. ఆదివారం పేపరు చదవడానికి మోకాళ్ళతో పనిలేదు కదా.

మా పక్క మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలైంది. స్టేషన్ల పేర్లు వరసగా చదవండి. మలక్‌పేట, న్యూమార్కెట్, ముసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. సగం చరిత్ర ఆ పేర్లలోనే ఉంది. చివరిది లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరని అందరికీ తెలుసు. మరి ముసారాం ఎవరు? మా మనవరాలు "ఎవరో రామ్మూర్తిగారిలాంటి ఆయన" అంది.

ఆయన పేరు రేమండ్. ఫ్రెంచివాడు. గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టి, ఇరవయ్యేళ్ళ వయసులో పుదుచ్చేరి చేరాడు. తరవాత రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనాని అయ్యాడు. నిజాం సైన్యానికి ఫ్రెంచి పద్ధతిలో కవాతు నేర్పి, వేలమందితో పటాలాలు తయారుచేశాడు. ఆబిడ్స్ దగ్గర గన్ ఫౌండ్రీ అంటామే, ఆ పేరు వచ్చింది ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్లనే. 1795లో మరాఠాలతో ఖర్డా యుద్ధంలో నిజాం ఓడిపోయినా, రేమండ్ పటాలాలు నిలబడ్డాయని పేరు. ఫ్రెంచి దొరని 'మూస్యే' అనాలి కదా, అది మనవాళ్ళ నోట 'మూసా' అయింది. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అన్నారు. హిందువులు మూసా రామ్ అన్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు ఆయన పేరు చివర తగిలించుకున్నారు! ఆ మూసా రామ్ తోటే మన ముసారాంబాగ్.

ఆయన సమాధి మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది. ఆటోవాడికి రేమండ్ సమాధి అంటే తెలియకపోతే ఆస్మాన్‌గఢ్ అనండి. మెట్ల దగ్గరనుంచే మా ఆడపడుచు ఆగి ఆగి నడిచింది. పైన నల్లరాతి స్తంభం, ఇరవై అడుగుల పైచిలుకు ఎత్తు, కొస సన్నగా ఉంటుంది. దానిమీద పొగడ్తలు లేవు, బిరుదులు లేవు, జె.ఆర్. అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. పక్కన గ్రీకు గుళ్ళలా స్తంభాల మంటపం. పాతది వర్షాలకి కూలిపోతే మళ్ళీ కట్టారు. అక్కణ్ణించి చూస్తే ఊరు కిందకి పరుచుకుని కనబడుతుంది.

రేమండ్ 1798 మార్చి 25న పోయాడు. ఆయన పోవడం ఇంగ్లీషువాళ్ళకి కలిసొచ్చింది. సెప్టెంబరులో నిజాంతో ఒడంబడిక కుదుర్చుకున్నారు, అక్టోబరులో ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. అంటే హైదరాబాదులో ఫ్రెంచివాళ్ళ కథ ఆ గుట్ట మీదనే ముగిసిందన్నమాట. జనం మాత్రం మరిచిపోలేదు. చాలా ఏళ్ళు ఆయన వర్ధంతికి ఇక్కడ ఉర్సు జరిగేది. దీపాలు పెట్టేవారు, అగరొత్తులు వెలిగించేవారు. పరాయి దేశపు సిపాయికి మనవాళ్ళు పెట్టిన తద్దినం అనుకోండి.

మా ఆడపడుచు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి, "మావాడున్న దేశంవాడేనన్నమాట" అంది. ఆ తరవాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకుని పరాయి దేశంలో పెట్టుకున్న తల్లి కదా. "వీళ్ళమ్మకి కబురు ఎన్నాళ్ళకి చేరి ఉంటుందో" అని గొణిగింది. ఓడలు నెలల తరబడి నడిచే రోజులవి. ఆ మాట ఏ చరిత్ర పుస్తకంలోనూ నేను చదవలేదు.

ఆ పక్కనే ఆస్మాన్‌గఢ్ భవనం. పాయిగా నవాబు, హైదరాబాదుకి దివానుగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా 1885లో కట్టించుకున్నది. ఆస్మాన్ అంటే ఆకాశం. పేరు కలిసొచ్చేలా గుట్టమీద, యూరపు కోటలా బురుజులతో కట్టుకున్నాడు. ఒకప్పుడు ఇందులో బిర్లావారి పురావస్తు మ్యూజియం ఉండేది. గుంటూరు సీమలో వడ్డమాను తవ్వకాల్లో దొరికిన రెండువేల ఏళ్ళనాటి వస్తువులు పెట్టారు. తరవాత ఆ మ్యూజియం ఇక్కడనుంచి వెళ్ళిపోయింది. భవనంలో పిల్లల బడి నడుస్తోంది. మలక్‌పేటవాళ్ళకి మ్యూజియం ఉండేదన్న సంగతి మలక్‌పేటవాళ్ళలోనే చాలామందికి తెలియదు. బడి నడవడం మంచిదే, తాళం వేసి గబ్బిలాలకి అప్పగించడం కన్నా.

మళ్ళీ రైలెక్కి చైతన్యపురిలో దిగాం. ఇదీ నేను అసలు చూపించాలనుకున్నది. కొత్తపేట సందుల్లోంచి మూసీ ఒడ్డుకి వెళితే ఫణిగిరి అని ఒక రాతిగుట్ట. దానిమీద కోసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి గుడి. మూసీ వాసన సంగతి చెప్పను, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోండి. ఆ గుడి దగ్గర బండరాతి మీద ఒక శాసనం ఉంది. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. అయిదో శతాబ్దం నాటిదని పండితులు తేల్చారు. హైదరాబాదు నగరంలో దొరికిన శాసనాల్లో ఇంతకన్నా పాతది లేదు. చార్మినారు కట్టింది 1591లో. అంటే ఈ అక్షరాలు చెక్కిన వెయ్యేళ్ళు దాటాక గానీ చార్మినారుకి పునాది పడలేదు!

ఆ శాసనంలో గోవిందరాజ విహారం అన్న పేరుంది. విహారమంటే బౌద్ధ భిక్షువులుండే చోటు. గోవిందరాజు అంటే విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ. వాళ్ళ రాజధాని ఇంద్రపాలనగరం మన పక్కనున్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, ఇప్పటి తుమ్మలగూడెం దగ్గర. అక్కడ దొరికిన రాగిరేకుల్లో ఇంకొక ముచ్చట ఉంది. గోవిందవర్మ పట్టపురాణి పరమభట్టారికా మహాదేవి తాను స్వయంగా ఒక బౌద్ధ విహారం కట్టించింది. దాని పోషణకి రాజు రెండు ఊళ్ళు రాసిచ్చాడు. రాణిగారు కట్టించింది, రాజుగారు ఖర్చు భరించాడు. మనిళ్ళల్లోనూ ఇంతేగా!

మా మనవరాలు ఆ గీతల్ని చేత్తో తాకబోతే వారించాను. ఎండకీ వానకీ అరిగింది చాలు, మన వేళ్ళు కూడా ఎందుకు? "ఇందులో ఏం రాశారు నానమ్మా?" అని అడిగింది. భిక్షాన్నం తిని బతికే భిక్షువులకి నివాసం ఏర్పాటు చేసిన సంగతి అని చెప్పాను. దాని తరవాత అది అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది, ఎందుకంటే చాలాకాలం కిందట ఇదే ప్రశ్న నేనూ వేసుకున్నాను.

"మరి వాళ్ళకి భిక్ష ఎవరు వేసేవారు?"

అదే కదా అసలు సంగతి. భిక్ష మీద బతికేవాళ్ళు అడవి మధ్యలో ఉండరు. నడిచి వెళ్ళి, భిక్ష తీసుకుని, పొద్దెక్కకుండా తిరిగి వచ్చేటంత దూరంలో ఊరుండాలి. ఊళ్ళో ఇళ్ళుండాలి, ఇళ్ళల్లో పొయ్యిలుండాలి. అంటే పదిహేను వందల ఏళ్ళనాడు ఈ కొత్తపేట చుట్టుపక్కలెక్కడో ఒక ఇల్లాలు తెల్లారగట్లే లేచి, వండి, ఇంటిల్లిపాదికీ సరిపడా తీసి, గుమ్మం ముందుకొచ్చిన వాళ్ళకి ఒక ముద్ద వేసింది. ఆవిడ పేరు ఏ రాతిమీదా లేదు. రాజు పేరుంది. ఆవిడ అన్నం లేకపోతే ఆ రాజు పేరు చెక్కడానికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఈ మాట చెబితే మా ఆడపడుచు కొండ దిగేదాకా "అవును వదినా" అంటూనే ఉంది.

మిగతావి ఆటోలో తిరుగుతూ చూపించాను. విక్టోరియా మెమోరియల్ స్టేషను పక్కన ఆ పేరుగల అనాథ బాలల గృహం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంనాటి భవనం. విక్టోరియా రాణి పోయాక ఆవిడ పేరున దిక్కులేని పిల్లలకి ఇచ్చారు. ఒక రాజభవనంలో తల్లిదండ్రులు లేని పిల్లలు తరతరాలుగా చదువుకున్నారంటే, ఏ మ్యూజియంకన్నా తక్కువ కాదు. సరూర్‌నగర్ చెరువు 1626లో, కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించింది. అప్పుడు పొలాలకి నీళ్ళిచ్చింది, ఇప్పుడు ఏడాదికోసారి వినాయకుణ్ణి పుచ్చుకుంటోంది.

కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి గుడి కాకతీయులనాటిదని స్థలపురాణం. వేటకొచ్చిన రాజుకి పొదల్లోంచి రామనామం వినబడిందట. ఔరంగజేబు గుడి పడగొట్టడానికి వస్తే, "కర్ మన్ ఘట్", మనసు గట్టిచేసుకో అని గద్దింపు వినబడిందనీ, దాంతో ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో గానీ, మంగళవారం నాడు అక్కడ చెప్పుల వరస చూస్తే ఆంజనేయుడు మాత్రం ఒప్పుకున్నట్టే ఉంటుంది.

ఎల్బీనగర్ దాటితే వనస్థలిపురం పక్కన నిజాం వేటాడిన అడవి ఉంది. మహావీరుడి రెండువేల అయిదువందల నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. తుపాకులకి ఎదురైన కృష్ణజింకలకి అహింస బోధించిన వాడి పేరు కాపలా! ఆ రోజుకి మా కాళ్ళకి ఓపిక లేక దాన్ని ఇంకో పూటకి అట్టేపెట్టాం.

సాలార్‌జంగ్ మ్యూజియం మా పేటది కాదు గానీ, మెట్రోలో మాకు కూతవేటు దూరం. శుక్రవారం తప్ప వెళ్ళండి. ఇటలీ శిల్పి బెన్జోనీ చెక్కిన మేలిముసుగు రెబెకాని చూడండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొని తెచ్చుకున్నాడు. రాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కాడో అని అందరూ ఆశ్చర్యపోతారు, పోవాలి కూడా. మధ్యధరా సముద్రం దాటి వచ్చిన పాలరాతి పిల్లకి ఇక్కడ గాజు కాపలా, గది, దీపాలు ఉన్నాయి. ఫణిగిరి రాతికి కూడా ఒక చిన్న కప్పు, నాలుగు తెలుగు ముక్కలు రాసిన ఒక బోర్డు చక్కగా అమిరితే ఎంత బాగుంటుంది? షాపింగు కాంప్లెక్సు పక్కన ఓడని పెట్టుకున్న ఊరివాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళేం కాదు. తవ్వినప్పుడు బయటపడ్డది తమదే అనుకున్నారు, అంతే.

రాత్రి మా అబ్బాయి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. అది రేమండునీ, రాణిగారినీ, భిక్షువుల్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా వాళ్ళ నాన్నకి అప్పగించింది. వాడు ఓపిగ్గా విని, "అంతా బాగుందమ్మా. కానీ ఈ ఇంటికి లిఫ్టు ఉందా?" అన్నాడు.

వాడిదీ న్యాయమే. రెండో అంతస్తు, ఇరవై ఎనిమిది మెట్లు, వాళ్ళ నాన్న మోకాళ్ళు. అర్ధరాత్రి ఏదైనా అయితే వాడు ఊరికి ఆ చివరనుంచి గంటన్నర పైన ప్రయాణం చేసి రావాలి. ఆ భయం వాడి కళ్ళల్లో నాకు కనబడుతూనే ఉంటుంది.

అందుకని వాడికి అన్నం వడ్డిస్తూ ఒక్క మాట చెప్పాను. "నాన్నగారి మోకాళ్ళ కోసం ఇల్లు అమ్ముదామను, ఆలోచిస్తాను. నీకు దగ్గరగా ఉంటే నీకు నిద్ర పడుతుందను, ఇంకా ఆలోచిస్తాను. ఇక్కడేమీ లేదు కాబట్టి అమ్ముదామని మాత్రం అనకు."

వాడు కాసేపు కంచంలోకి చూసి, "సరేనమ్మా" అన్నాడు. ఇల్లు సంగతి సంక్రాంతి తరవాత మాట్లాడుకుందామనుకున్నాం. ఈలోగా జింకల్ని చూడ్డానికి తనూ వస్తానన్నాడు.